ఊపిరి ఎవరిది? తిత్తి ఎవరిది?

ఒక విశ్వవిద్యాలయ సదస్సులో దళిత వాద్యాల మీద పత్రం చదివిన. అందులో తిత్తి గురించి రెండు పేరాలున్నయి. ప్రశ్నల సమయంలో ముందువరుసలో కూర్చున్న ఒక పెద్దమనిషి లేచి, "మీరు చెబుతున్నది బ్యాగ్‌పైప్ గదా! అది స్కాట్లాండు వాళ్ళది. మాల మాదిగలకు ఎక్కడి నుంచి వచ్చింది?" అన్నడు. హాలంతా నవ్వింది. వాళ్ళతో పాటు నేను కూడా నవ్విన. ఆ నవ్వుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్న. ఆ రోజు చెప్పవలసిన జవాబు ఇప్పుడు రాస్తున్న.

తిత్తి మనకు పరాయి మాట కాదు. ఛాతీలో రెండు పక్కలా ఉండేవాటిని ఊపిరితిత్తులు అంటాం. కమ్మరి కొలిమి దగ్గర గాలి కొట్టేది కొలిమితిత్తి. తత్వాలు పాడే బైరాగులు ఈ దేహాన్నే తోలుతిత్తి అన్నారు. కోపమొచ్చిన దొర జీతగాడి మీదికి "నీ తిత్తి తీస్త బిడ్డా" అని లేస్తడు. తిత్తి తీయడం అంటే ఏమిటి? పొట్ట కోయకుండా, తోలు చిరగకుండా, జంతువు తోలును సంచి మాదిరిగా మొత్తంగా ఒలవడం. ఆ పని తెలిసినవాడు మాదిగ. ఆ మాటతో బెదిరించేవాడు దొర. పనివాడి విద్య దొర నోట్లో తిట్టయింది. భాషలో కులం ఎట్లా పనిచేస్తదో చూడాలంటే ఈ ఒక్క మాట చాలు.

అట్లా ఒలిచిన మేకతోలుకు మెడ దగ్గర, కాళ్ళ దగ్గర రంధ్రాలుంటాయి. అక్కరలేని వాటిని గాలి పోకుండా బిగించి కడతారు. ఒకదాంట్లో ఊదే గొట్టం పెడతారు. ఇంకోదాంట్లో లోపల సన్నటి నాలుక ఉన్న పలికే గొట్టం పెడతారు. సందులు మైనంతో పూడుస్తారు. సంచిని గాలితో నింపి చంకన పెట్టుకొని మోచేత్తో అదుముతారు. ఊదే మనిషి ఊపిరి పీల్చుకునే క్షణంలో కూడా చంకలోని గాలి గొట్టంలో పలుకుతూనే ఉంటది. అందుకే తిత్తి శ్రుతి తెగదు. స్కాట్లాండు సంచికి వేళ్ళతో పలికించే గొట్టం వేరే ఉంటది, దాని మీద పాట వాయిస్తారు. మన తిత్తి పాట వాయించదు. ఒకే స్వరం పట్టుకొని, పాడేవాడి గొంతు కింద నిలబడుతది. గొంతు ఎక్కడికి పోయినా తిరిగి వచ్చి కాలు మోపే నేల అది.

ఇంకొక సంగతి కూడా ఆ పెద్దమనిషికి చెప్పాలె. గాలిసంచి వాద్యం ఏ ఒక్క జాతి సొత్తూ కాదు. రాజస్థాన్‌లో భైరూ దేవుణ్ణి కొలిచే భోపాలు మశక్ ఊదుతారు. గఢ్వాల్, కుమావ్ కొండల్లో పెళ్ళిళ్ళకు మశక్‌బీన్ ఊదుతారు. ఐరోపాలో చెక్, స్లొవాక్, స్పెయిన్, ఇటలీ పల్లెల్లో పశువుల కాపరుల చేతుల్లో ఇది బతికింది. గొర్రె, మేక ఉన్న చోట, తోలు ఒలిచే చెయ్యి ఉన్న చోట ఇది పుట్టడానికి ఎవరి అనుమతీ అక్కర లేదు. స్కాట్లాండు సంచి మన దేశానికి బ్రిటిషు పటాలాలతో వచ్చింది. ప్రతి జనవరి 29న ఢిల్లీ విజయ్ చౌక్‌లో బీటింగ్ రిట్రీట్ రోజున సైనికులు దాన్ని ఊదుతుంటే దేశం చప్పట్లు కొడతది. అదే గాలి, అదే సంచి. దొరల దగ్గరి నుంచి వస్తే గౌరవం. వెలివాడ నుంచి వస్తే నవ్వు.

కారెంపూడిలో ఐదు రోజులు

తెలుగు నేల మీద తిత్తికి ఒక పెద్ద కూడిక ఉంది. పల్నాడు జిల్లా కారెంపూడిలో నాగులేటి ఒడ్డున వీరుల గుడి దగ్గర ప్రతి ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు వీరారాధనోత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు - ఐదు రోజులకు ఐదు పేర్లు. 12వ శతాబ్దపు దాయాదుల పోరులో నేలకొరిగిన వాళ్ళను కొలుచుకునే జాతర ఇది. వీరుల ఆయుధాలుగా భావించే కొణతాలు పట్టుకొని ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఏ రోజు ఘట్టాన్ని ఆ రోజు పాడే గాయకుల్ని వీరవిద్యావంతులు అంటారు. వాళ్ళు మాలలు. పంబ, తాళాలు, తిత్తి ఆ పాటకు సంప్రదాయంగా వస్తున్న తోడు వాద్యాలు.

ఇక్కడ కాసేపు ఆగాలె. గుడిలో మంత్రం చదవడానికి పనికిరాని కులం, వీరుల గుడి ముందు 'విద్యావంతుడు' అన్న పేరుతో నిలబడ్డది. తెలుగు సమాజం మాలవాడిని విద్యావంతుడు అని పిలిచిన చోట్లు ఎన్ని ఉన్నాయి? పలకా బలపం ఇవ్వని సమాజం, యుద్ధకథను కంఠస్థం చేసి శతాబ్దాలు మోసినవాడిని ఆ పేరుతో పిలవక తప్పలేదు. కథలో బ్రహ్మనాయుడు దత్తు తీసుకున్న మాల కన్నమదాసు సేనాని. మందపోరు రోజున అన్ని కులాలు ఒకే చాప మీద కూర్చొని తినే చాపకూడు జరుగుతది. దీన్ని చూపించి బ్రహ్మనాయుడిని తొలి సంఘసంస్కర్త అని మన చరిత్రకారులు, సినిమావాళ్ళు, నాటకాలవాళ్ళు పొగిడారు. పొగడ్త మీద నాకు పేచీ లేదు. నా ప్రశ్న వేరు. చాప పరిచిన చెయ్యి పేరు చెప్పిన చరిత్ర, చాప అల్లిన చెయ్యి పేరు ఎందుకు చెప్పదు? కన్నమదాసును ఇన్ని వందల ఏళ్ళు బతికించింది ఏ తాళపత్రం? మాల గొంతు కాదా? ఆ గొంతుకు కింద నేలలాగా పరుచుకున్న తిత్తి కాదా?

ఈ కథ పల్నాటికే పరిమితం కాలేదు. ఓరుగల్లు వీధుల్లో పల్నాటి వీరుల కథ పాడేవారని క్రీడాభిరామం చెబుతది. అంటే ఈ పాట మా తెలంగాణ మట్టి కూడా తొక్కింది. తర్వాత ద్విపదలోకి వచ్చింది, శ్రీనాథుడి పేరు మీద నిలబడ్డది. 1911లో అక్కిరాజు ఉమాకాంతం పల్నాటి వీరచరిత్రను పరిష్కరించి అచ్చు వేశారు. అది గొప్ప పని. కానీ పాట అచ్చులోకి ఎక్కే ఒక్కొక్క మెట్టు దగ్గర ఏమి జారిపోయిందో చూడండి. మాట మిగిలింది. తాళం ఛందస్సుగా మిగిలింది. శ్రుతికి అచ్చులో చోటు లేదు. పుస్తకం తెరిస్తే తిత్తి వినబడదు. మన సాహిత్య విమర్శ పుస్తకం నుంచే మొదలవుతది కాబట్టి దానికి కూడా వినబడదు. శ్రీనాథుడిదా కాదా అని పండితులు తగువు పడ్డారు. పాడినవాడు ఎవరు అన్నది వాళ్ళకు తగువు పడదగ్గ ప్రశ్న కాలేదు.

అమెరికా పరిశోధకుడు జీన్ రోగేర్ వచ్చి గాయకుడి నోటి నుంచి కథను రికార్డు చేసుకొని 1982లో ఇంగ్లీషు పుస్తకం తెచ్చాడు. ఆయన చేసిన మేలు ఒకటుంది. కథ చెప్పిన మాల కళాకారుడు ఆలిసెట్టి గాలెయ్య పేరు ఆ పుస్తకంతో లోకానికి తెలిసింది. మన పండితులు చెయ్యని పని అది. 1992లో మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి తెలుగువారి జానపద కళారూపాల మీద వేసిన పెద్ద పుస్తకంలో ఎన్నో కళారూపాలను ఒక్కచోట చేర్చారు. ఈ ఇద్దరికీ మనం బాకీ ఉన్నాం. అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. ఆ ప్రశ్న నాకు ఏ గ్రంథాలయంలోనూ దొరకలేదు. ఇంట్ల దొరికింది.

పెదనాయిన అడిగిన ప్రశ్న

మా ఊరు కొండగట్టు కింద. జగిత్యాల నుంచి, కోరుట్ల నుంచి, సిరిసిల్ల నుంచి శనివారం, మంగళవారం జనం అంజన్న గుట్టకు వస్తరు. చైత్ర పున్నమికి మాలలు వేసుకున్నవాళ్ళతో గుట్ట నిండిపోతది. మా వాడ నుంచి డప్పులు పోతయి. మా పెదనాయిన డప్పు మూసేటోడు. వేపకర్రతో గుండ్రంగ చట్రం చేయించి, చింతగింజల పిండి అంబలి కాచి, తోలు లాగి అంటించి, నీడకు ఆరబెట్టేటోడు. కొట్టే ముందు గడ్డి మంట మీద కాపుతడు. సిర్ర ఒక చేత, చిటికెన పుల్ల ఒక చేత. మా పెద్దమ్మ తంగేడు చెక్క దంచేది. లంద దగ్గరి వాసన బట్టలకు అంటుకొని బడికి నాతోటే వచ్చేది. నా పక్కన కూర్చున్న పిల్లలు జరిగి కూసునేటోళ్ళు. మా ఇంట్ల డిగ్రీ పట్టా చూసిన మొదటి మనిషిని నేనే. ఆ పట్టా వచ్చిన రోజు పెదనాయిన "ఇగ నువ్వు తోలు ముట్టకురా" అన్నడు.

పోయినసారి ఇంటికి పోయినప్పుడు ఫోన్‌ల తిత్తి రికార్డు ఒకటి వినిపించిన. శానసేపు ఇన్నడు. "గిది దెబ్బ గాదురా. ఊపిరి" అన్నడు. తర్వాత అడిగిండు: "తోలెవలు తీసిండ్రు?"

నా దగ్గర జవాబు లేదు. ఏడేళ్ళ నుంచి చదువుతున్న. కథ ఎవరిదో తెలుసు, పాట ఎవరిదో తెలుసు, ఏ రోజు ఏ ఘట్టమో తెలుసు. తోలు ఎవరు తీశారో తెలియదు. నేను అడగనే లేదు. ఎందుకు అడగలేదు? తోలు ముట్టవద్దని ఇంట్ల చెప్పిండ్రు కాబట్టి నా పరిశోధన కూడా తోలు ముట్టకుండానే నడిచింది. అగ్రవర్ణ పండితుడు శ్రుతిని వదిలేస్తే నేను తోలును వదిలేసిన. తేడా ఎంత?

జానపద వాద్యాల మీద మనం రాసే వ్యాసాలన్నింటికీ ఈ రోగం ఉంది. వాద్యం పేరు, వాయించే కులం పేరు, పండుగ పేరు, ఒక ఫొటో. అయిపోయింది. ఏ మేక తోలు? ఈడు ఎంత? ఎట్లా ఒలిచారు? పదును ఎట్లా చేశారు? తోలు బిర్రెండితే పగులుతది, తడి నిలిస్తే కుళ్ళుతది. ఆ రెంటి మధ్య తోలును నిలబెట్టేదే విద్య. సున్నం ఎంత, తంగేడు చెక్క ఎంత, ఎన్ని రోజులు అన్నది చేతికి తెలిసిన శాస్త్రం. ఆ శాస్త్రానికి 'వృత్తి' అని పేరు పెట్టి, వాయించడానికి 'కళ' అని పేరు పెట్టాం. కళకు సన్మానం, వృత్తికి అసహ్యం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు చేసిన పింఛన్లలో డప్పు కళాకారులది ఒక వర్గం, చర్మకారులది ఇంకో వర్గం. పింఛను ఇవ్వడం మంచిదే. కానీ మా పెదనాయిన లాంటి మనిషిని ఏ వర్గంలో రాస్తారు? డప్పు మూసిన చెయ్యీ అదే, కొట్టిన చెయ్యీ అదే.

తోలు ఎక్కడ కనబడదో అక్కడ గౌరవం

ఒకప్పుడు తిత్తి వెలివాడలోనే లేదు. 19వ శతాబ్దపు కంపెనీ చిత్రాల్లో నాట్యం చేసే స్త్రీల వెనక మద్దెల, తాళాలు, ముఖవీణలతో పాటు సంచి చంకన పెట్టుకొని శ్రుతి ఊదే మనిషి కూడా కనబడతడు. తర్వాత హార్మోనియం వచ్చింది, శ్రుతిపెట్టె వచ్చింది, ఇప్పుడు కరెంటు శ్రుతి, ఫోన్‌లో శ్రుతి. వీటి వెనక సౌలభ్యం ఉంది, కాదనను. ఎండకు వానకు తిత్తి శ్రుతి మారుతది, పెట్టె శ్రుతి అంతగా మారదు. కానీ సౌలభ్యం ఒక్కటే కారణమా? నా అనుమానం ఇది: నృత్యం 'శాస్త్రీయం' అయి, సభకు ఎక్కి, పెద్దకులాల ఇళ్ళలోకి పోయినకొద్దీ, జంతువు ఆకారం పోని ఆ సంచి వేదిక మీద ఉండలేకపోయింది. కాళ్ళు కనబడే తోలు అది. దాన్ని నోటి దగ్గర పెట్టుకొని ఊదాలె. ఎంగిలి, తోలు రెండూ ఒక్కచోట. మనువుకు ఇంతకన్నా మైల ఏముంటది?

మృదంగం కూడా తోలే గదా అంటారు. అవును, తోలే. ఆవు, గేదె, మేక - మూడింటి తోలూ అందులో ఉంటది. టి.ఎం. కృష్ణ 2020లో తెచ్చిన 'సెబాస్టియన్ అండ్ సన్స్' పుస్తకం మృదంగం చేసే దళిత క్రైస్తవ కుటుంబాల చరిత్ర చెప్పింది. వాయించిన విద్వాంసుల పేర్లు కచేరీ చరిత్రలో ఉన్నాయి, వాళ్ళు కోరిన నాదాన్ని తోలులో నుంచి తీసిన చేతుల పేర్లు లేవు. ఆ పుస్తకావిష్కరణకు చెన్నైలోని కళాక్షేత్ర మొదట హాలు ఇచ్చి, తర్వాత అనుమతి వెనక్కి తీసుకుంది. ఆవిష్కరణ వేరేచోట జరిగింది. తోలు మృదంగం మీద ఉన్నంతవరకు సంగీతం. తోలు పేరెత్తితే రాజకీయం! గుండ్రంగా కోసి, బార్లతో బిగించి, కరణ పెట్టిన తోలులో జంతువు కనబడదు. తిత్తిలో కనబడుతది. ఒకటి వేదిక మీద మిగలడానికి, ఒకటి వేదిక దిగడానికి ఇది కూడా ఒక కారణమని నేను అంటున్న. కాదన్నవాళ్ళు వాదించాలె.

డప్పు లేచింది, తిత్తి ఎందుకు లేవలేదు?

ఇప్పుడు మనలోకి మనం చూసుకుందాం. 1985 కారంచేడు తర్వాత, 1991 చుండూరు తర్వాత దళిత ఉద్యమం డప్పును చావుమేళం నుంచి లేపి ఊరేగింపు ముందు నిలబెట్టింది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుడితే దాన్ని జనం దండోరా అనే పిలిచారు. చాటింపు వేసే వెట్టిపని పేరే హక్కుల పేరయింది. తెలంగాణ ఉద్యమంలో డప్పు లేని ధూంధాం లేదు. మరి తిత్తి ఎందుకు లేవలేదు?

డప్పుకు సొంత గొంతు ఉంది. ఒక్క దెబ్బతో ఊరిని ఆపుతది. తిత్తికి సొంత గొంతు లేదు, అది ఇంకొకరి గొంతును నిలబెడుతది. ఉద్యమాలు కూడా వినబడేవాడినే చూస్తాయి. సభలో మాట్లాడినవాడి పేరు కరపత్రంలో ఉంటది. కుర్చీలు వేసినవాడి పేరు ఉండదు. వంట చేసిన ఆడవాళ్ళ పేర్లు అసలే ఉండవు. తిత్తి ఊదేవాడు రాత్రంతా ఊదుతడు. తెల్లారి గాయకుడి భుజం తడతరు. తెగకుండా ఉండడమే తిత్తి పని. తెగితేనే అది ఉన్నదని తెలుస్తది. మన సమాజంలో దళిత శ్రమ ఉన్న తీరు ఇదే గదా? పాకీపని ఆగిన రోజునే పాకీవాడు ఊరికి గుర్తొస్తడు.

ఇక్కడ మిత్రులు ఒక గట్టి అభ్యంతరం చెబుతారు. చెప్పాలె కూడా. 1927 మార్చి 19, 20 తేదీల్లో, శని ఆదివారాలు, మహద్‌లో జరిగిన కూడికలో బాబాసాహెబ్ అంబేద్కర్ చచ్చిన పశువు మాంసం మానెయ్యమని చెప్పాడు. కులం అంటగట్టిన పనులు విడిచిపెట్టమన్నాడు. ఆ మాట విన్నవాళ్ళు లేచి నిలబడ్డారు. విననివాళ్ళు ఇంకా గొడ్డు మొయ్యాల్సి వస్తున్నది. మరి నువ్వు తోలును, తిత్తిని పొగిడితే మళ్ళీ లందలోకి తోసినట్టు కాదా? సంస్కృతి పేరు మీద కులవృత్తిని వెనక్కి తెచ్చే పని ఇప్పటికే ఎంతోమంది చేస్తున్నారు గదా?

ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. మా పెదనాయిన తోలు ముట్టొద్దన్నది కూడా అందుకే. నాకు తోచిన జవాబు ఇది. అంబేద్కర్ విడిచిపెట్టమన్నది వెట్టిని, మైలను. జ్ఞానాన్ని కాదు. చచ్చిన గొడ్డును ఊరి కోసం ఊరికే మొయ్యడం వేరు. తోలును నాదంగా మార్చే విద్య మాది అని పేరుపెట్టి, ధర పెట్టి చెప్పడం వేరు. నా కొడుకు డప్పు మూయాలని నేను కోరను. ఇష్టముంటే ఏ కులపు పిల్లవాడైనా నేర్చుకోవాలె, నేర్పినవాడిని గురువు అనాలె. పని పుట్టుకకు అంటినంతకాలం అది వెట్టి. ఎవరైనా నేర్చుకోగల రోజున అది విద్య. ఆ పనిని అందరిదీ చెయ్యకుండా పొగిడే పండుగలను మనం నమ్మకూడదు.

పక్కపక్కన కూర్చున్నవాళ్ళు

వేరే దేశాల్లో ఎట్లా ఉన్నదో చూద్దాం. చెక్ దేశంలో స్ట్రకోనిత్సే పట్టణంలో 1967 నుంచి గాలిసంచి వాద్యగాళ్ళ అంతర్జాతీయ సమ్మేళనాలు జరుగుతున్నాయి. 2012 నుంచి మార్చి 10ని అంతర్జాతీయ బ్యాగ్‌పైప్ దినంగా జరుపుతున్నారు. స్లొవేకియా గాలిసంచి సంస్కృతిని యునెస్కో 2015లో మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. అందులో పాటలు, వాయించే తీరు, నాట్యం మాత్రమే కాదు, వాద్యం తయారుచేసే జ్ఞానం కూడా ఉంది. ఐరోపా సమ్మేళనాల్లో ఊదేవాడు, చేసేవాడు పక్కపక్కన కూర్చుంటారు. ఒకని చేతిలోది ఒకడు విప్పి చూస్తాడు. చేసేవాడిని ముట్టుకుంటే స్నానం చెయ్యాలని అక్కడ ఎవరూ అనుకోరు. అక్కడ పేదరికం లేదని, వర్గం లేదని నేను అనడం లేదు. తోలుకు కులం లేదు అంటున్న, అంతే. స్కాట్లాండు సంచుల్లో ఇప్పుడు చాలావాటికి తోలుకు బదులు కృత్రిమ బట్ట వాడుతున్నారు. మనం కూడా వాడొచ్చు. కానీ తోలు పోయినంత మాత్రాన కులం పోదు. ప్లాస్టిక్ డప్పు వచ్చింది, చావు దగ్గరికి పిలిచే వాడ మారలేదు.

తిత్తి లోపల మనకు మనం ఒప్పుకోవలసిన ఇంకో నిజం కూడా ఉంది. కారెంపూడిలో పాట మాలలది. తోలుపని మన ఊళ్ళల్లో మాదిగలకు అంటగట్టిన పని. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఉపవర్గీకరణ చెల్లుతుందన్నది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో 59 షెడ్యూల్డు కులాలను మూడు వర్గాలు చేసి 1, 9, 5 శాతాలుగా పంచారు. వాటా న్యాయమైనది. ముప్పై ఏళ్ళు కొట్లాడి తెచ్చుకున్నది. వర్గీకరణను వ్యతిరేకించిన మాల మిత్రులు తోలు ఎవరు తీశారు అన్న ప్రశ్నను ఒకసారి తమను తాము వేసుకోవాలె. వాటా వచ్చిన మాదిగ మిత్రులు ఇంకో ప్రశ్న వేసుకోవాలె: తోలుకు ఊపిరి పోసింది ఎవరు? ఊపిరి లేని తిత్తి ఎండిన మేకతోలు. తోలు లేని ఊపిరి గాల్లో కలిసిపోతది. పంచుకునే లెక్కలు పంచుకుందాం. చేసిన పని లెక్క మాత్రం ఇద్దరం కలిసి రాయాలె. మనం రాయకపోతే పొగిడేవాళ్ళు వచ్చి వాళ్ళకు తోచినట్టు రాస్తారు.

2022లో డక్కలి దర్శనం మొగులయ్యకు పద్మశ్రీ వచ్చింది. 12 మెట్ల కిన్నెర ఆయనది. పతకం వచ్చిన రెండేళ్ళకే ఆయన కూలిపని చేస్తున్న దృశ్యం దేశమంతా చూసింది. గౌరవం వేరు, బతుకు వేరు అని దానికన్నా గట్టిగా ఎవరు చెప్పగలరు? వేదిక మీద శాలువా కప్పే కూడికలు మనకు ఇప్పటికే చాలా ఉన్నాయి.

మనకు కావలసిన కూడిక వేరు. కొండగట్టు కింద ఒక శనివారం, ఆదివారం కూర్చుందాం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి డప్పు మూసేవాళ్ళు రావాలె. పల్నాడు నుంచి తిత్తి ఊదేవాళ్ళు రావాలె. చిందోళ్ళు, డక్కలోళ్ళు, బైండ్లోళ్ళు రావాలె. తంగేడు చెక్క దంచిన ఆడవాళ్ళు ముందువరుసలో కూర్చోవాలె. మొదటి రోజు పాట వద్దు. మొదటి రోజంతా తోలు గురించే మాట్లాడాలె. ఎవరు తీశారు, ఎట్లా తీశారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏమి ఇచ్చారు, ఏమి ఎగ్గొట్టారు? చదువుకున్న మన పిల్లలు పేర్లతో సహా రాసుకోవాలె. వచ్చినవాళ్ళకు దారిఖర్చు, రెండు రోజుల కూలి ముందే చేతిలో పెట్టాలె. రెండో రోజు పాట.

ఇది చెప్పడానికి మొన్న పెదనాయిన దగ్గరికి పోయిన. అంతా ఇన్నడు. "నన్ను మాట్లాడుమంటవా?" అన్నడు. మాట్లాడాలె అన్న. "మైకుల వద్దు. ఒక మేకతోలు తెప్పియ్యి. చేసి చూపిస్త. నువ్వు రాసుకో."

నేను నోటుబుక్కు కొనుక్కున్న. తోలు ముట్టుకోకుండా రాయనని ఆయనకు చెప్పిన.